ఖిద్మత్ అంటే నొప్పిని చూస్తూ కూర్చోవడం కాదు

"అమ్మీని హాస్పిస్‌లో వేశారంట!" మన మొహల్లాల్లో ఈ మాటకు అర్థం ఒక్కటే: ఔలాద్ తల్లిని వదిలించుకున్నారు. ఇలా అనేవాళ్లతోనే నా ఝగడా.

ఇంట్లో మా-బాప్ ఖిద్మత్ చేయడం గొప్ప సవాబ్. అందులో షక్ లేదు. నర్సు వచ్చి డ్రెస్సింగ్ మార్చి, ఇంజెక్షన్ ఇచ్చి వెళ్లే హోమ్ కేర్ కూడా మంచిదే. కానీ అది సరిపోని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజును గుర్తుపట్టడానికి మనం ఎందుకు భయపడతాం?

నిశానీలు కళ్ల ముందే ఉంటాయి. కీమోతో ఇక ఫాయిదా లేదని డాక్టరే చెబుతాడు. మరీజ్ మంచం దిగలేడు, తిండి తగ్గిపోతుంది, ఒళ్లు కరిగిపోతుంది. నెలలో మూడుసార్లు ఎమర్జెన్సీకి పరుగు. రాత్రి రెండింటికి నొప్పితో అరుస్తుంటే ఇంట్లో ఇవ్వడానికి ఉన్నది పారాసిటమాల్ ఒక్కటే. అప్పుడు డాక్టర్ని "ఇంకేం చేయొచ్చు?" అని కాదు, "మా అబ్బా ఏడాది లోపు పోతే మీకు ఆశ్చర్యంగా ఉంటుందా?" అని అడగండి. పాలియేటివ్ కేర్ డాక్టర్లు తమను తాము వేసుకునే ప్రశ్నే ఇది. "ఉండదు" అంటే హాస్పిస్ సంగతి ఆ రోజే మాట్లాడాలి, ఆఖరి రెండు రోజుల్లో కాదు.

"అల్లా మీద తవక్కుల్ లేదా?" అంటారు. ఉంది. షిఫా ఇచ్చేవాడు అల్లాయే. హాస్పిస్‌లోనూ దువా చేస్తాం. పనిచేయని ఇలాజ్‌ని ఆపితే ఈమాన్ పోదు. హాస్పిస్ మౌత్‌ని తొందరపెట్టదు, తకలీఫ్‌ని తగ్గిస్తుంది.

"మార్ఫిన్ నషా కదా, హరామ్ కదా" అనేది ఇంకో ఏతరాజ్. షౌక్‌కి తీసుకునే నషా వేరు, కేన్సర్ నొప్పికి డాక్టర్ కొలిచి ఇచ్చే దవా వేరు. జరూరత్ అనే ఉసూల్ మన ఫిఖ్‌లోనే ఉంది. అనుమానముంటే మీ ఆలిమ్‌ని అడగండి. కానీ ముందు మరీజ్ పక్కన ఒక రాత్రి కూర్చుని వెళ్లి అడగండి. మార్ఫిన్ దొరకడం కష్టమయ్యేలా చేసిన చట్టాన్ని 2014లో పార్లమెంటే సడలించింది. మన మనసులే ఇంకా సడలలేదు.

ఇక ఖిద్మత్ ఎవరు చేస్తున్నారో కూడా చూడండి. సవాబ్ గురించి బయాన్ ఇచ్చేది ఇయాదత్‌కొచ్చిన చాచాలు. పక్క మార్చేది, బెడ్‌సోర్లు కడిగేది, నిద్ర లేక ఎండిపోయేది ఇంటి బహూ. ఆమె థకావట్ ఎవరి లెక్కలోకీ రాదు.

అన్నింటికంటే పెద్ద జుల్మ్ మరీజ్ దగ్గర నిజం దాచడం. వసియ్యత్ రాయాలి, ఖర్జ్ తీర్చాలి, ఎవరినైనా మాఫీ అడగాలి. ఆ మొహలత్‌ని దొంగిలించే హక్కు మనకు ఎవరిచ్చారు? ఎక్కడ ఉండాలో కూడా ఆయన్నే అడగండి. "ఇంట్లోనే" అంటే అదే చేయండి. కొన్ని హాస్పిస్‌ల టీములు ఇంటికీ వస్తాయి.

హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ 2011 నుంచి పైసా తీసుకోకుండా చూస్తోంది. ప్రభుత్వ ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. వెళ్లి చూడండి. ఖిబ్లా వైపు మంచం తిప్పుతారా, అమ్మీకి ఆడ నర్సే ఉంటుందా, యాసీన్ చదవడానికి ఇంటివాళ్లు రాత్రంతా ఉండొచ్చా, అన్నీ ముందే అడగండి. తయమ్ముమ్ చేసుకుని, పడుకునే ఇషారాతో నమాజ్ చదివే వీలు మన దీన్ ఎలాగూ ఇచ్చింది.

ఐసీయూలో గొంతులో ట్యూబు ఉన్న మనిషి కలిమా పలకలేడు. నొప్పి తగ్గి, పిల్లల చేతుల్లో చెయ్యి పెట్టుకున్న మనిషి పలకగలడు. "లోగ్ క్యా కహేంగే" అని భయపడేవాళ్లు ఈ రెండింటిలో తమ అమ్మీకి ఏది కావాలో చెప్పాలి.