వేషం

ఫిలింనగర్‌లో ‘వేషం’ అంటే తిట్టు కాదు, బతుకుతెరువు. "ఏదైనా చిన్న వేషం ఉంటే చెప్పన్నా" అని అడిగేవాళ్ళు కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర తెల్లారకముందే కనిపిస్తారు. అదే మాట తెలుగు బైబిల్లో మాత్రం గట్టి తిట్టు. యేసు సుంకరులతో కూర్చుని భోంచేశాడు, పక్క సిలువ మీది దొంగని దగ్గరకు తీశాడు. కానీ నలుగురికీ కనబడాలని వీధి మూలల్లో నిలబడి ప్రార్థన చేసేవాళ్ళని మాత్రం వేషధారులన్నాడు. అక్కడ గ్రీకు మూలంలో ఉన్న మాటకి అసలు అర్థం రంగస్థల నటుడు. నాటకాల్లో ముఖానికి ముసుగు తగిలించుకుని వేరేవాడిగా మాట్లాడేవాడన్నమాట. మన అనువాదకులు సరిగ్గా పట్టుకున్నారు.

పోయిన డిసెంబరులో నేను ఈ రెండు రకాల వేషాలూ ఒకే వారంలో చూశాను. రెండో రకం నేనే వేశాను. అందుకే ఇది రాస్తున్నా.

మా సంఘం వాళ్ళు క్రిస్మస్‌కి ఒక పాట రికార్డు చేయించాలనుకున్నారు. కొత్త పాట కూడా కాదు, రెండేళ్ళుగా ఆదివారాలు పాడుతున్నదే. నేను ఎనిమిదో తరగతి నుంచి అక్కడ కీబోర్డు వాయిస్తున్నా, పైగా ఇప్పుడు ఈసీఈ. కాబట్టి సౌండ్ గురించి నాకు అన్నీ తెలుసని వాళ్ళ నమ్మకం. (మన సిలబస్ వాళ్ళు చూడలేదు.) జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మెట్రోలో దిగి ఆటోలో ఫిలింనగర్ వెళ్ళాం. ఒక అపార్ట్‌మెంట్ కింద సెల్లార్లో చిన్న స్టూడియో. మిక్సింగ్ టేబుల్ పైన వెంకటేశ్వరస్వామి పటం, దాని ముందు పొద్దున వెలిగించిన అగరుబత్తి బూడిద. మొదలుపెట్టే ముందు మా పాస్టరు గారు "ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుందాం" అంటే, ఆ సౌండ్ ఇంజనీరన్న ఫోన్ సైలెంట్‌లో పెట్టి, కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకుని మాతోపాటు నిలబడ్డాడు. ఎవరూ దాన్ని పెద్ద విషయం చేయలేదు.

పాడటానికి వచ్చిన అక్క సినిమాల్లో కోరస్ పాడుతుంది. క్రిస్టియన్ కాదు. బూత్ బయట చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. పాటంతా తన నోట్‌బుక్‌లో సొంత చేత్తో రాసుకుంది. రాసుకుని తల ఎత్తి, "సార్, రెండో చరణంలో ‘నిన్ను విడువను’ అంటున్నారు కదా. అది దేవుడు మనిషితో అంటున్నాడా, మనిషి దేవుడితో అంటున్నాడా? దాన్నిబట్టి పాడాలి" అని అడిగింది.

నేనూ పాస్టరు గారూ మొహమొహాలు చూసుకున్నాం. రెండేళ్ళు పాడాం ఆ పాట. నేనైతే ఆ చరణం దగ్గర ఏ కార్డు పడుతుందో నిద్రలో కూడా చెప్తాను. మాట ఎవరిదో ఒక్కసారీ ఆలోచించలేదు.

సంఘాల్లో ఒక వాదన వినిపిస్తూ ఉంటుంది. విశ్వాసం లేనివాళ్ళతో పాడించిన పాట ఆరాధనకు పనికిరాదు, అది పవిత్రం కాదు అని. ఆ రోజు తర్వాత నాకు ఆ వాదన మీద గౌరవం పోయింది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఏసుదాసు గారు పాడిన ‘హరివరాసనం’తో శబరిమలలో రాత్రి గుడి తలుపులు మూస్తున్నారు. బాలు గారు, చిత్ర గారు పాడిన క్రీస్తు పాటలు ఎన్ని పల్లెల్లో మైకుల్లో మోగాయో లెక్కలేదు. 1978లో భీంసింగ్ దర్శకత్వంలో ‘కరుణామయుడు’ వచ్చింది. విజయచందర్ గారు యేసు వేషం వేశారు. ఆ సినిమాని తర్వాత ఎన్నో భాషల్లోకి మార్చి, ప్రొజెక్టర్లు వ్యాన్లలో వేసుకుని ఊరూరా తెర కట్టి చూపించారు. సిలువ మోసే సీన్ దగ్గర జనం ఏడ్చారు. అదే నటుడు 1986లో షిరిడీ సాయిబాబాగా కనిపిస్తే మళ్ళీ జనం దండం పెట్టారు. ఆయన మోసం చేశాడని ఎవరైనా అన్నారా? తెర మీద ఉన్నది వేషమని ఆయనకీ తెలుసు, చూసేవాళ్ళకీ తెలుసు. ఆ కన్నీళ్ళు మాత్రం చూసేవాళ్ళవే.

పాత కీర్తనలే పవిత్రం, సినిమా బాణీలు అపవిత్రం అన్న మాట కూడా అంత సులువుగా నిలబడదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మీ అమ్మమ్మగారింట్లో ఉంటే ఒకసారి తెరవండి. కీర్తనల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు క్రీస్తు మీద కీర్తనలు కడితే తన చుట్టూ ఉన్న సంగీతంలోనే కట్టారు. దొరల బాణీల కోసం ఎదురుచూడలేదు. జనం చెవుల్లో ఏ సంగీతం ఉందో దాన్ని తీసుకోవటం తప్పయితే, ఆ తప్పు మన క్రైస్తవ సాహిత్యం పుట్టినప్పటి నుంచీ ఉంది.

మరి నాకు ఎక్కడ గుచ్చుకుంది?

అక్క మొదటి టేక్ చక్కగా పాడింది. మావాళ్ళకి చాలలేదు. "ఏడుపు ఫీల్ కావాలమ్మా" అన్నారు. మూడో టేక్‌లో గొంతు సరిగ్గా వణకాల్సిన చోట వణికించింది. బయటికి వచ్చి టీ తాగింది, పేమెంట్ తీసుకుంది, ఇంకో స్టూడియోలో పని ఉందని వెళ్ళిపోయింది. దీన్ని నేను తప్పు పట్టను. అడిగిన పని నిజాయితీగా చేసింది. అది ఫిలింనగర్ వేషం.

వీడియో మా చర్చిలోనే తీశాం. రంగు లైట్లు, పొగ మిషను. రెండో పల్లవి దగ్గర అందరూ చేతులెత్తాలని ముందే చెప్పారు. మూడు సార్లు తీశారు. ముందు వరసలో ఒక అమ్మమ్మ చేతులెత్తలేదు. కళ్ళు మూసుకుని, ట్రాక్‌కి కొంచెం వెనకగా, తన లోకంలో తను పాడుకుంటోంది. పెదాలు సింక్ కావట్లేదని కెమెరా అబ్బాయి అంటే ఆమెని వెనక వరసకి పంపారు. "సరే నాయనా" అని లేచి వెళ్ళింది. ఆ గదిలో ఆ నిమిషంలో నిజంగా ఆరాధిస్తున్న మనిషి ఎవరని అడిగితే నా జవాబు ఆమే. ఫ్రేములో ఉండకూడని మనిషీ ఆమే అయ్యింది.

తర్వాత సౌండ్. చర్చిలో రికార్డయిన అసలు ఆడియో బాగాలేదు. ఫ్యాన్ చప్పుడు, పిల్లల ఏడుపు. "నువ్వు చూసుకో తమ్ముడూ, పెద్ద సభలాగా వినబడాలి" అన్నారు. చూసుకున్నాను. అదే స్టూడియో బూత్‌లో మేం ఆరుగురం నిలబడి పల్లవిని ఏడుసార్లు పాడాం. ఒక్కోసారి మైక్‌కి ఒక్కో దూరంలో నిలబడి. ఆ ట్రాకులన్నీ కుడీ ఎడమా పరిచాను. శృతి తప్పినవాటిని ఆటోట్యూన్‌తో లాగాను. దాని మీద ఒక యూరప్ కెథడ్రల్ రీవర్బ్ వేశాను. సిగ్నల్స్ క్లాసులో నిద్రపోనివాళ్ళకి గుర్తుండే ఉంటుంది: ఒక హాల్లో బెలూన్ పగలగొట్టి ఆ ప్రతిధ్వని రికార్డు చేస్తే అదే ఆ హాలు ఇంపల్స్ రెస్పాన్స్, మన గొంతుని దాంతో కన్వాల్వ్ చేస్తే ఆ హాల్లో పాడినట్టే వినబడుతుంది. కన్వల్యూషన్ ఎందుకు పనికొస్తుందని అడిగేవాడిని కదా, ఇదిగో. మెదక్ చర్చి ప్రతిధ్వని దొరికితే ఇంకా బాగుండేదని కూడా అనుకున్నా. కరువులో తిండిలేని జనానికి పని చూపించి పోస్నెట్ దొర కట్టించిన గుడి అది, 1924 క్రిస్మస్ రోజున తెరిచారు. ఆ గోడల శబ్దాన్ని కూడా నేను ఒక ప్లగిన్‌గానే ఊహించుకున్నాను. అంతవరకూ వచ్చింది నా పరిస్థితి.

పైన ‘లైవ్ వర్షిప్’ అని టైటిల్ వేశాం.

వీడియో బాగానే వెళ్ళింది. కింద ఎవరో "ఆ సంఘంలో అంతమంది ఒక్క గొంతుతో పాడుతుంటే దేవుని సన్నిధి అనిపించింది, ఏడ్చేశాను" అని రాశారు. ఆ అంతమంది ఆరుగురు. ఆ ఒక్క గొంతు నా లాప్‌టాప్. రాసినవాళ్ళ కన్నీళ్ళు నిజమైనవే, అందులో నాకు సందేహం లేదు. కానీ కరుణామయుడు చూసి ఏడ్చినవాళ్ళకి తాము చూస్తున్నది సినిమా అని తెలుసు. వీళ్ళకి మేం చెప్పలేదు. నటించటం దగ్గర కాదు, నటన అని చెప్పకపోవటం దగ్గరే ఆ గ్రీకు మాట తిట్టుగా మారుతుందని నాకు అప్పుడు అర్థమైంది.

మా పాస్టరు గారితో ఈ సంగతి మాట్లాడాను. ఆయన చెడ్డవారు కాదు, వేషధారి అసలే కాదు. "దేవుడికి ఇచ్చేది శ్రేష్ఠంగా ఇవ్వాలి కదా నాన్నా, పగిలిన కుండలో నీళ్ళు ఇస్తామా?" అన్నారు. బలమైన మాటే. నేను కీబోర్డు ప్రాక్టీసు చేయకుండా వెళ్తే నాకే సిగ్గేస్తుంది. కానీ ఆ రీవర్బ్ దేవుడికోసం వేశామా? ఆయనకి ఆ గదిలో ఎంతమంది ఉన్నారో తెలీదా? ఆమోసు గ్రంథంలో దేవుడు మీ పాటల ధ్వని నా దగ్గర్నుంచి తీసేయండి, నాకు న్యాయం కావాలి అన్న అర్థంలో విసుక్కుంటాడు. అక్కడ ఆ పాటలు శృతి తప్పాయని ఎక్కడా లేదు. బహుశా చాలా బాగా పాడి ఉంటారు.

ఇంకో నష్టం ఉంది, ఇది సంగీతం తెలిసినవాళ్ళకే కనబడుతుంది. ఆ పాట హిట్టయ్యాక ఆదివారం కూడా అదే ట్రాక్ పెట్టి పాడిస్తున్నాం. ట్రాక్ ఉన్నది ఆ అక్క శృతిలో. పెద్దవాళ్ళకి అంత పైకి గొంతు లేవదు. మునుపు నేను కీబోర్డు వాయించేటప్పుడు రెండు మెట్లు దించేవాడిని, చరణం చివర ముసలివాళ్ళు ఊపిరి తీసుకునేదాకా ఆగేవాడిని. క్లిక్ ఎవరికోసమూ ఆగదు. ఇప్పుడు వెనక వరసల్లో చాలామంది నోరు విప్పట్లేదు, చూస్తున్నారు. సంఘం ప్రేక్షకులైపోయింది. మా రూమ్మేట్ ఇది విని, "వినాయక చవితికి మా వీధిలో భజన పోయి డీజే వచ్చినట్టే" అన్నాడు. వాడికి నాకంటే తొందరగా అర్థమైంది.

రహస్యంగా గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ప్రార్థించమని యేసు చెప్పాడు. రికార్డింగ్ బూత్ కూడా తలుపేసిన గదే, బయటి చప్పుడు ఏదీ రాదు. ఆ గదిలో చెప్పులు విప్పి, ఈ మాట ఎవరిదని అడిగిన మనిషిని చూశాను. అదే గదిలో ఏడుసార్లు నిలబడి సంఘమంతా నేనే అయ్యాను. కాబట్టి తప్పు గదిది కాదు, మైకుది కాదు.

ఈ ఏడు మళ్ళీ పాట చేద్దామంటున్నారు. చేస్తాను, ఫిలింనగర్‌కే వెళ్దాం, ఆ అక్కనే పిలుద్దాం, స్టూడియో పాటని స్టూడియో పాటగానే పెడదాం అన్నాను. ‘లైవ్’ అని రాయాలంటే మాత్రం లైవే ఉండాలి. పోయిన ఆదివారం ట్రాక్ ఆపించి, రెండు మెట్లు దించి వాయించి, ఫోన్‌లోనే రికార్డు చేశాను. ఫ్యాన్ ఉంది. ఎవరి పిల్లాడో చరణమంతా ఏడ్చాడు. అమ్మమ్మ సగం తాళం వెనక ఉంది, పల్లవి అయిపోయాక కూడా ఇంకో నాలుగు మాటలు ఒక్కతే పాడింది. ఏమీ కత్తిరించకుండా ఆ ఫైలు పాస్టరు గారికి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇంకా జవాబు రాలేదు.