పాట రానివారి పాట

"నాకు పాట రాదండీ" అని తప్పుకునేవారు మన ఇళ్లలో ఎందరో! సంగీతం నేర్చినవారి సొత్తనీ, మిగతావారు చాప మీద కూర్చుని తల ఊపవలసిందేననీ మనకొక నమ్మకం.

ఈ నమ్మకాన్ని కాదందామని 1969లో లండనులో కార్నీలియస్ కార్డ్యూ అనే సంగీతవేత్త, ఇద్దరు మిత్రులతో కలిసి 'స్క్రాచ్ ఆర్కెస్ట్రా' స్థాపించాడు. స్వరలిపి చదవలేనివారికీ అందులో చోటుండేది. మరుసటి ఏడు పోర్ట్స్‌మత్‌లోని చిత్రకళాశాలలో ఇంకొక వాద్యబృందం పుట్టింది. సంగీతం రానివారు చేరవచ్చును. వచ్చినవారైతే తమకు కొత్తదైన వాద్యం పట్టాలి. వేళాకోళం పనికిరాదు, శాయశక్తులా వాయించాలి. 1974లో వారు లండను ఆల్బర్ట్ హాలులోనే కచేరీ చేశారు! స్క్రాచ్ ఆర్కెస్ట్రా మాత్రం కొన్నేళ్లకే రాజకీయ వాదోపవాదాల నడుమ చెదిరిపోయింది.

ఈ సంగతి చెబితే మా గోదావరిఖని ఆడవాళ్లు నవ్వుతారు. ఇంతమాత్రానికి లండను దాకా పోవాలా? ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది సాయంకాలాలు ఇక్కడ జరిగేది అదేగదా! తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలను నడుమ పెట్టి, చప్పట్లు చరుస్తూ తిరుగుతారు. ఒకామె అందిస్తుంది, మిగతావారు అందుకుంటారు. పాట మొత్తం తెలియకపోయినా 'ఉయ్యాలో' అనడం వస్తే చాలు, ఆటలో చోటు దొరికినట్టే. అందించే ఆమెకూ అదే ఊపిరి. అందరూ పలికేలోపల తరువాతి పాదం గుర్తు చేసుకుంటుంది. గుర్తు రాకపోతే సొంతమాట కూర్చేస్తుంది.

బొగ్గుబాయి పనికోసం ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వచ్చి చేరిన సంసారాలు మావి. ఇంటాయనకు షిఫ్టులు మారుతూ ఉంటే పక్క క్వార్టరువారితో తీరిగ్గా మాట్లాడడమే అరుదు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల మొదటినాడు చప్పట్లతో సరిపెట్టుకుంటుంది. మూడోనాడు గొంతు కలుపుతుంది. తొమ్మిదోనాటికి పుట్టింటి పాట తానే ఎత్తుకుంటుంది.

అయితే నేర్పు అక్కరలేదా? ఎందుకు అక్కరలేదు! పాట జారిపోకుండా పట్టుకునే పెద్దావిడ ఒకరు ఉండాలి. పదిమంది చేత పాడించడమే ఆమె విద్వత్తు.

నా దిగులల్లా ఇప్పటి డీజే పెట్టెల గురించే. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, సంతోషమే. కాని పెట్టెలో గాయని తప్పు లేకుండా పాడుతూంటే మన అమ్మాయిలు అడుగులు వేస్తున్నారే గాని పెదవి కదపడం లేదు. కదిపినా ఆ హోరులో ఎవరికి వినబడుతుంది? పెట్టె ఎవరి కోసమూ ఆగదు. మరచినవారికి మాట అందించదు. కొత్త కోడలి పుట్టింటి పాట దానికి అక్కరలేదు.

ఈ ఏడు తొమ్మిదింటిలో ఒక్క సాయంకాలం పెట్టె ఆపి చూడండి. కాసేపు ఎవరూ నోరు విప్పరు, ఇబ్బందిగానే ఉంటుంది. అప్పుడు "నాకు రాదు" అన్నావిడనే ముందుగా అడగండి. వాళ్ల అమ్మమ్మ పాడినది ఒకటైనా ఆమెకు గుర్తుండకపోదు.