సెలవు చీటీలో జ్వరమేల?

మా హోసూరులో చంద్రచూడేశ్వరస్వామివారి రథోత్సవము ముగిసిన మరునాడు తొమ్మిదవ తరగతిలో సగము బల్లలు ఖాళీగా నుండును. ఆ తరువాతి దినమున నా బల్లపై సెలవు చీటీలు పేరుకొనును. అన్నింటను ఒకటే మాట: "నాకు జ్వరముగా నుండుటచేత". వ్యాకరణ దోషము లేదు. వ్రాత ముత్యములవలె నుండును. కాని మేనమామ యింట పండుగ భోజనము చేసిన బాలునకు జ్వరమెట్లు వచ్చినది?

తప్పు బాలురది కాదని నా అభిప్రాయము. మనమే నేర్పితిమి. వ్యాసముల పుస్తకములలో సెలవు కోరు లేఖకు మాదిరి వెదకినచో తరచుగా రోగియే కనబడును. పొరుగున నున్న ఆంధ్రప్రదేశమున నేను ఉపాధ్యాయ శిక్షణ పొందునపుడు మాచేత ఆ మాదిరినే నల్లబల్లపై వ్రాయించిరి. ఇచటికి వచ్చి నేనును పదేండ్లు దానినే వ్రాయించితిని. "దయతలచి", "వేడుకొనుచున్నాను", "మన్నింప ప్రార్థన" అను మాటలు తప్పిపోకుండ చూచితిని. కారణము నిజమా యని ఒక్కనాడును అడుగలేదు.

నాలుగేండ్ల క్రిందట మా పూర్వవిద్యార్థి యొకడు నాయొద్దకు వచ్చెను. ఈ ప్రాంతపు కర్మాగారములలో నొకదానిలో పనిచేయుచుండినవాడు. పల్లెలో తల్లికి కాలు విరుగగా మేస్త్రీతో నోటిమాటగా చెప్పి పోయెను. పండ్రెండు దినముల పిదప తిరిగి వచ్చుసరికి మేస్త్రీ "నాతో చెప్పనే లేదు" అనెను. వాని పేరు కొట్టివేయబడి యుండెను. "చీటీ యేల వ్రాయలేదురా?" అని యడిగితిని. "అయ్యా, నాకు జ్వరము రాలేదు గదా! ఏమి వ్రాయవలెనో తోచలేదు" అనెను.

ఆ మాట నన్ను నేటికిని విడువలేదు.

సెలవు భిక్ష కాదు. 1948వ సంవత్సరపు కర్మాగారముల చట్టము, ఏడాదిలో 240 దినములు పనిచేసిన వయోజన కార్మికునకు పనిచేసిన ప్రతి 20 దినములకు ఒక దినము చొప్పున మరు సంవత్సరమున జీతముతో సెలవు నేర్పరచినది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక సంహిత ఆ 240ని 180కి తగ్గించినది. సెలవు కోరువాడు సాధారణముగా 15 దినములు ముందు వ్రాతమూలకముగా తెలుపవలెనని 1948 చట్టము విధించెను. తానే వ్యాధిగ్రస్తుడైనచో ఆ గడువు పట్టింపు లేదనెను. తల్లి కాలు 15 దినములు ముందుగా తెలిపి విరుగదు, నిజమే. అట్టి వేళ వెడలునప్పుడైనను ఒక కాగితము చేతికిచ్చి పోవుటయే మనకు రక్ష.

ఆ కాగితమున వాడు వ్రాయవలసినది నాలుగు వాక్యములు. "మా అమ్మకు కాలు విరిగినది. చూచుకొనుటకు నేను తప్ప వేరొకరు లేరు. కావున ఈ నెల 6వ తేదీ నుండి 17వ తేదీ వరకు 12 దినములు సెలవు దయచేయ కోరుచున్నాను. 18వ తేదీ ఉదయము పనికి వత్తును." పైన అధికారి హోదా, క్రింద తన పేరు, సంతకము, తేదీ, పల్లె చిరునామా. ఇంతే. అన్నిటికంటె ముఖ్యము, రెండవ ప్రతిపై "అందినది" అని సంతకము చేయించుకొని దాచుకొనుట. ఏ వ్యాసముల పుస్తకమునను ఈ రెండవ ప్రతి ప్రస్తావన నాకంటబడలేదు.

కర్మాగారమునకు తమిళముననో ఆంగ్లముననో వ్రాయవలసియుండగా తెలుగున నేర్చి యేమి లాభమని తల్లిదండ్రులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. రాజ్యాంగము 350వ అధికరణమున, కష్టనివారణకై ప్రభుత్వాధికారులకు చేసికొను మనవిని రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను సమర్పించు హక్కు నిచ్చినది గాని, అది కర్మాగారపు యజమానికి వర్తింపదు. అయినను తన కష్టమును ఇంటి భాషలో నాలుగు వాక్యములుగా కూర్చగలవాడు దానిని తమిళమున చెప్పుట కెంతో శ్రమపడడు. తమిళుల విడుప్పు మన విడుపునకు తోబుట్టువే గదా! మన "సెలవు" మాత్రము వేరు దారి పట్టినది. పెద్దలు పలికినను "సెలవిచ్చిరి" అందుము. కావున సెలవు కోరుట పెద్దల మాట కోరుట. అందు వినయ ముండవలసినదే, దైన్యము వలదు.

చిక్కంతయు మా ఉపాధ్యాయుల యొద్ద నున్నది. నిజము వ్రాసినవానిని బల్లపై నిలువబెట్టి, జ్వరము వ్రాసినవానిని కూర్చుండ బెట్టినచో ఏ బాలుడు నిజము వ్రాయును? నిరుడు ఒక బాలిక, "అమ్మ గులాబీ తోట కూలికి పోయినది, తమ్ముని చూచుకొనుటకు ఇంట నుంటిని" అని వ్రాసెను. ఆ చీటీని అంగీకరించితిని. ఆ సాయంకాలము వారి యింటికి పోయి తల్లితో మాటలాడితిని. జ్వరమని వ్రాసియుండినచో నేను పోయియుండను.

ఈ యేటి రథోత్సవము తరువాత వచ్చిన చీటీలలో పదునొకండు మేనమామ యింటివి, రెండు జ్వరములవి. ఆ రెంటిలో నొకటి నిజమైన జ్వరమే. నమ్మక గట్టిగా ప్రశ్నించినందులకు తరగతి యెదుట ఆ బాలుని క్షమాపణ కోరితిని.