డై ఎక్కించే ముందు ఒక పరీక్ష, మూడో రోజు ఇంకో పరీక్ష

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. అంతకుముందు గుండెనొప్పి వస్తే కొల్లాపూర్ రైతు పొలం అమ్మకానికి పెట్టేవాడు. ఇవాళ కార్డు పట్టుకొని హైదరాబాద్ పోయి యాంజియోగ్రామ్ చేయించుకుంటున్నాం, స్టెంట్ వేయించుకుంటున్నాం. ఈ హక్కును వదులుకునేది లేదు. కాని అక్కడ మన ఒంట్లోకి ఎక్కించే డై గురించి మనం అడగడం లేదు, అడగకుండా చెప్పేవాళ్లూ తక్కువే.

డై అంటే రంగు అనుకుంటాం గాని అది నీళ్లలాగే ఉంటుంది. అందులోని అయోడిన్ ఎక్స్‌రేను అడ్డుకోవడంతో రక్తనాళం తెరమీద కనబడుతుంది. ఆ మందును మళ్లీ బయటికి పంపాల్సింది కిడ్నీలే. కిడ్నీలు బాగున్నవాళ్లకు భయం దాదాపు లేదు. ఈ ముప్పును ఇన్నాళ్లు ఎక్కువ చేసి చెప్పారని అమెరికా రేడియాలజీ డాక్టర్లు, కిడ్నీ డాక్టర్లు కలిసి 2020లో ప్రకటించారు కూడా. డై పేరు విని గుండె పరీక్షే వద్దనుకుంటే ప్రాణానికి మోసం.

ముప్పంతా కిడ్నీ ముందే దెబ్బతిన్నవాళ్లకు. షుగర్, బీపీ లేని ఊరు మనకు లేదు. మోకాళ్ల నొప్పికి చీటీ లేకుండానే డైక్లోఫెనాక్ గోలీలు మింగుతాం. మామిడికాయ తెంపే రోజుల్లో పొద్దంతా ఎండలోనే ఉంటాం. దవాఖానకు పోయే రోజు ఏమీ తినొద్దన్నారని మంచినీళ్లు కూడా ముట్టం. బస్సులో మూత్రానికి ఇబ్బందని ఆడవాళ్లు అసలే తాగరు. తడిలేని చేన్లో యూరియా చల్లొద్దని మనకు ఒకరు చెప్పాల్నా? ఒంట్లో నీళ్లు లేనప్పుడు డై ఎక్కించుకోవడమూ అట్లాంటిదే. నీళ్లు ఎంతవరకు తాగొచ్చో అడగాలి. గుండె బలహీనంగా ఉంటే ఎక్కువ తాగినా ప్రమాదమే కాబట్టి ఆ లెక్క డాక్టరే చెప్పాలి. మెట్‌ఫార్మిన్ సహా మింగే గోలీలన్నీ చూపించాలి.

క్రియాటినిన్ పరీక్ష తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ఉచితం. అంకె చూసి సరిపెట్టుకోవద్దు, ఈజీఎఫ్ఆర్ ఎంతో అడగాలి. 70 ఏళ్ల ఆడమనిషికి క్రియాటినిన్ 1.2 ఉంటే మామూలే అనిపిస్తుంది గాని ఈజీఎఫ్ఆర్ 50 లోపే. అది 30 కంటే తక్కువుంటే ముందే సెలైన్ పెట్టడం, డై తగ్గించడం వంటివి డాక్టరు ఆలోచించాలి.

అసలు చిక్కు తర్వాత ఉంది. దెబ్బ తగిలితే క్రియాటినిన్ 48 నుంచి 72 గంటల్లో పెరుగుతుంది. మనల్నేమో చాలాసార్లు మరునాడే ఇంటికి పంపుతారు. దెబ్బ బయటపడే నాటికి మనిషి ఊళ్లో ఉంటాడు. నొప్పి ఉండదు, తెలియదు. చాలామందికి వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. సర్దుకోని ఆ కొందరు డయాలసిస్ దాకా పోతే వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రం మీదే. దారి ఖర్చు వేరే. ఆ మూడు రోజులు సేద్యం ఎవరు చూడాలి?

అందుకే ఆరోగ్యశ్రీ నిబంధనల్లోనే ఇది పెట్టాలని మన సంఘం అడగాలి. ఎన్ని మిల్లీలీటర్ల డై ఎక్కించారు, ముందు క్రియాటినిన్ ఎంత, మూడో రోజు పరీక్ష ఎక్కడ చేయించుకోవాలి – ఇవి డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాయాలి. ఆ పరీక్ష కొల్లాపూర్ ప్రభుత్వ దవాఖానలోనే జరిగి, ఫలితం డై ఎక్కించిన డాక్టరుకు చేరాలి. కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రానికి ఆధారం కావాలి కాబట్టి గ్రామ కమిటీలు ఈ ఏడాది యాంజియోగ్రామ్ అయినవాళ్ల డిశ్చార్జి కాగితాల జిరాక్సులు, వాళ్లు ఒప్పుకుంటేనే, పేరు కొట్టేసి పంపాలి.