ముందు గుమాస్తాను చదువుతాం
ఒక చదువరుల బృందం ప్రణాళిక

పీడకల లాంటి రాజ్యాల నవలలు చదివి, నియంతను నాలుగు తిట్లు తిట్టి లేచిపోయే చర్చలు ఇక చాలు. అసలు నియంత ఆ కథల్లో కనిపించేదే తక్కువ. ఆర్వెల్ '1984' (1949)లో పెద్దన్న అనే నియంత గోడమీది బొమ్మే. నిన్నటి పత్రికను ఇవాళ్టి అవసరానికి దిద్దేది విన్‌స్టన్ స్మిత్ అనే గుమాస్తా. పైగా ఆ పనంటే అతనికి ఇష్టం. మనం జాలిపడే మనిషే ఆ యంత్రాన్ని తిప్పుతున్నాడు. కాబట్టి ముందు గుమాస్తాను చదువుతాం.

ఇదంతా కల్పనేగా అనేవారికి ఒక్క మాట. సోవియట్ రహస్య పోలీసు అధిపతి బెరియా పతనమయ్యాక సోవియట్ విజ్ఞాన సర్వస్వం చందాదారులకు కొత్త పేజీలు అందాయి. అతని మీది వ్యాసం కత్తిరించేసి, బేరింగ్ సముద్రం వగైరాలున్న ఈ పేజీలు అతికించుకోమన్నారు. చరిత్రను దిద్దే కత్తెర పాఠకుడి చేతికే ఇచ్చారు.

మార్గరెట్ అట్‌వుడ్ 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' (1985) చివరి భాగాన్ని అనుబంధమనుకుని వదిలేసినవారు మా చర్చకు రావద్దు. (సరదాకే అంటున్నాం, పూర్తిగా సరదాకు కాదు.) ఆ భాగం నాటికి, కథ జరిగిన గిలియడ్ రాజ్యం కూలి ఎన్నో ఏళ్లయింది. 2195లో ఒక సదస్సు. కథానాయిక ఆఫ్రెడ్ టేపుల్లో చెప్పుకున్న కథను వరసగా పేర్చిందీ, దానికి పేరు పెట్టిందీ ప్రొఫెసర్లు. వారిలో ఒకరైన పియెక్సోటో గారి ఆసక్తంతా ఆమె మీద కాదు, ఆమెను ఏలిన కమాండర్ ఎవరో తేల్చడం మీద. మధ్యలో జోకులు కూడా. రాజ్యం పోయినా ఆమె గొంతు మీద పెత్తనం పోలేదు. ఆఫ్రెడ్ కూడా ఒకే సంఘటనను రెండు మూడు రకాలుగా చెబుతుంది, ఇది మళ్లీ అల్లుకున్న కథేనని ఒప్పుకుంటుంది. బాధితుల జ్ఞాపకంలో తప్పులుండవని మేం అనం. తప్పులున్నాయని దాన్ని కొట్టిపారెయ్యం.

'ఫారెన్‌హీట్ 451' నవలలో పుస్తకాలు కంఠతా పట్టేవాళ్లు మాకూ ఇష్టమే. అయినా వాళ్లు ఏ పుస్తకాలు ఎంచుకున్నారు, ఎవరివి వదిలేశారు అని కూడా అడుగుతాం.

తెలుగులో ఇలాంటి కథ రాయడానికి ఆర్వెల్ లండన్ శిథిలాలు అరువు తెచ్చుకోనక్కర్లేదు. ఊరి భూముల లెక్కలు రాసే కరణం చిట్టాలో పేరు లేనివాడు తన పొలం తనదని చెప్పుకోలేక అల్లాడిన ఊళ్లున్నాయి. ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం పదవులు రద్దు చేసింది 1984లోనే! కాకతాళీయమే గానీ, కథకులకు నోరూరదా?

రాసిందెవరు, దిద్దిందెవరు అని అడగడం మా సమావేశాల మినిట్స్‌కూ నియమమే. రాసే మనిషి ప్రతి నెలా మారతారు. అభ్యంతరం వస్తే పాత వాక్యాన్ని కొట్టెయ్యం, అడ్డం చెప్పినవారి మాటల్లోనే పక్కన రాస్తాం. ఆ మినిట్స్ పుస్తకం ఎవరడిగినా చూపిస్తాం, మాతో పోట్లాడి మానేసినవారికి కూడా.