వార్ధక్యమునకు బత్తెము

దూరప్రయాణమునకు బయలుదేరువాడు బత్తెము మూటగట్టుకొనును. వార్ధక్యమను దీర్ఘప్రయాణమునకు మాత్రము మనవారు వట్టిచేతులతో బయలుదేరుచున్నారు.

హైదరాబాదు కంచన్‌బాగ్‌నే చూడుడు. 1970లో భారత్ డైనమిక్సు, 1973లో మిశ్రధాతు నిగమ్ స్థాపితములైన నాటినుండి క్షిపణులకును విశేషలోహములకును ఆ వాడ పేరెన్నికగన్నది. అచ్చట పనిచేసి విరమించినవారు ఇరుగుపొరుగున నున్నను, వారి వార్ధక్యములు ఒక్క తీరున లేవు. 2004 జనవరి 1కి ముందు కేంద్ర పరిశోధనాలయములలో చేరినవారికి స్థిరమైన పింఛను కలదు. తరువాత చేరినవారిది విపణి లాభనష్టములపై ఆధారపడిన విధానము. 2025 ఏప్రిల్ నుండి వారికి ఏకీకృత పింఛనును కోరుకొను అవకాశము కల్పింపబడినది. కర్మాగార కార్మికునకు భవిష్యనిధియు, 1995 నాటి పింఛను పథకమును దిక్కు. 2014లో నిర్ణయించిన 15,000 రూపాయల జీతపు పరిమితిపై లెక్కించినచో, ముప్పదియైదేండ్ల సేవకును ఆ పింఛను నెలకు సుమారు 7,500 మాత్రమే. ఆ వీధిలోనే ఆటో నడుపు పేదకు 2019లో 2,016 రూపాయలకు హెచ్చించిన రాష్ట్రపు పింఛనే గతి.

ఈ తారతమ్యములు ఎట్లున్నను, అందరికిని ఎదురగు ప్రశ్న ఒక్కటే. కాలుసేతులు స్వాధీనము తప్పిననాడు లేవనెత్తువా రెవరు? వారికి కూలి యిచ్చువా రెవరు?

చికిత్స వేరు, సంరక్షణ వేరు. ఈ భేదము మనవారు గుర్తింపకుండుటయే అనర్థమునకు మూలము. డెబ్బదియేండ్లు నిండినవారికి కుటుంబమునకు ఏటా అయిదు లక్షల వరకు ఉచితచికిత్స నొసగు పథకమును కేంద్రప్రభుత్వము 2024 అక్టోబరులో ఆరంభించినది. మే మందుకు సంతోషించుచున్నాము. కాని అది ఆసుపత్రిలో చేరినవారి చికిత్సకు మాత్రమే. ఇల్లు చేరిన మరునాటి నుండి అన్నము తినిపించి, స్నానము చేయించి, ప్రక్క మార్చు మనిషి వేతనము అందు లేదు. సామాన్యమైన ఆరోగ్య బీమాలందును లేదు.

లెక్క చూతము. రాత్రింబవళ్లు కనిపెట్టుకొనియుండు మనిషికి నెలకు 25,000 రూపాయలనుకొన్నను, ఏడాదికి మూడు లక్షలు, అయిదేండ్లకు పదునైదు లక్షలు. ధరలు ఏటా నూటికి ఆరు వంతున పెరిగినచో పండ్రెండేండ్లకు రెట్టింపగును. నేడు యాబదియేండ్లవానికి డెబ్బదినాలుగేండ్లు వచ్చునప్పటికి ఆ వేతనమే నెలకు లక్ష కాగలదు. వృద్ధుల పొదుపు పథకమున ముప్పది లక్షలు నిలువజేసినను, 2025 నాటి 8.2 వడ్డీకి నెలకు వచ్చునది 20,500. నేటి వేతనమునకే అది చాలదు.

"కొడుకులుండగా ఈ లెక్క లేల?" అని పెద్దలు ప్రశ్నింపవచ్చును. కొడుకు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉండును. భారమంతయు కోడలిపైననో కూతురిపైననో పడును. ఆమె ఉద్యోగము మానుకొనును. ఆమె సేవను పుణ్యమని పొగడి, పోయిన జీతమును లెక్కింపకుండుట న్యాయము కాదు.

భూస్వాములకు మరియొక హెచ్చరిక. ప్రేమచే ముందుగనే ఉన్న పొలము, ఇల్లు వ్రాసియిచ్చి చేతులు దులుపుకొనవలదు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టములోని 23వ సెక్షను, పోషణ షరతుపై ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినచో, తిరిగి పొందుటకు వీలు కల్పించినది. ఆ షరతు ఉన్నట్లు రుజువు కావలెనని సుప్రీంకోర్టు 2022లో తీర్పుచెప్పినది. 2025లో ఆ చట్టమును వృద్ధుల మేలుకోరి ఉదారముగ అన్వయింపవలెనన్నది. వ్యాజ్యమున కేల పోవలెను? వసతి, భోజనము, వైద్యము, పరిచారకుని వేతనము అను నాలుగింటిని దస్తావేజులోనే స్పష్టముగ వ్రాయించుడు. ఆ చట్టమున మనోవర్తికి విధించిన గరిష్ఠపరిమితి నెలకు 10,000 మాత్రమేయని మరువవలదు.

కావున నలుబదియైదవయేట నుండియే పిల్లల చదువు, పెండ్లిండ్ల నిధికి ప్రక్కనే సంరక్షణ నిధిని వేరుగ నెలకొల్పుడు. ఆరోగ్యముండగనే బీమా తీసికొనుడు. ఇల్లు తప్ప వేరొకటి లేనివారు, 2007 బడ్జెటులో ప్రకటితమైన విలోమ తనఖా విధానమును పరిశీలింపుడు. అందు ఇంటిలో నివసించుచునే, ఆ యింటిపై బ్యాంకు నుండి క్రమముగ సొమ్ము పొందవచ్చును.

అయితే కూలివాడు పొదుపుచేయగల దెంత? ఇచ్చట ప్రభుత్వము బాధ్యత వహింపవలెను. జర్మనీ 1995లోను, జపాను 2000లోను సంరక్షణకు ప్రత్యేకముగ బీమా నెలకొల్పినవి. జపానులో నలుబదియేండ్లు నిండినవారందరును చందా కట్టుదురు. వ్యయములో దాదాపు సగము ప్రజాధనము. మన కేంద్రప్రభుత్వము సైతము తన పింఛనుదారులకు ఎనుబదియేండ్లు నిండగనే నూటికి ఇరువది, నూరు నిండినచో నూటికి నూరు అదనముగ నిచ్చుచున్నది. వయసుతో వ్యయము పెరుగునని తానే ఒప్పుకొన్నదిగదా! మంచము పట్టినవారికి నెలకు 15,000 రూపాయల పింఛనును 2024లో ఆంధ్రప్రదేశము ప్రకటించినది. తెలంగాణమును కేంద్రమును ఆ త్రోవ త్రొక్కవలెను. జీతగాండ్రు, రైతులు, కూలీలు అందరును శక్త్యనుసారము చందా నిచ్చు సంరక్షణ బీమాను చట్టసభలు చర్చకు తేవలెను.

క్షిపణులను నిర్మించి దేశరక్షణ చేసిన చేతులు వణకునాడు, ఆ చేతులను పట్టుకొనువారిని ఏర్పరుపలేమా? ఏర్పరుపగలము. అందుకు నిధి కావలెను, నిధికి కాలము కావలెను. ఆ కాలము ఇప్పుడే ఆరంభము కావలెను.