మరకలే మర్యాద
కార్టూనిస్టు రాల్ఫ్ స్టెడ్‌మన్ సిరాతో గీసిన అమెరికన్ విలేకరి హంటర్ థామ్సన్ బొమ్మలు చూసినవాళ్లంతా ఆ చిందుల గురించే మాట్లాడతారు. నా చూపు మాత్రం కళ్లద్దాల దగ్గర ఆగిపోతుంది. చాలా బొమ్మల్లో వాటి వెనక కళ్లు కనబడవు. టోపీ, సిగరెట్ గొట్టం, వంకర నోరు, అంతే. 1972లో నిక్సన్, మెక్‌గవర్న్‌ల అధ్యక్ష ఎన్నికల పోరును వెంటాడి రాసిన విలేకరికి ఇంతకన్నా సరైన గౌరవం నాకు తోచదు. చూడటం అతని పని, చూపించుకోవడం కాదు. నూనెరంగుల్లో నిండుగా నిలబెట్టే చిత్రం నాయకులకు చెల్లుతుంది, వాళ్లు కోరుకునేదే అది. విలేకరిని అలా ముస్తాబు చేస్తే అతనూ మరో నాయకుడైపోతాడు. పైగా సిరాకు చెరుపుకునే వీల్లేదు. గడువు ముంచుకొచ్చాక అచ్చుకు పంపిన వార్తలాగే, పడింది పడినట్టే. 1970లో కెంటకీ గుర్రప్పందేలకు ఇద్దరూ తొలిసారి కలిసి వెళ్లినప్పుడు, స్టెడ్‌మన్ వేసే వికృత ముఖాలు చూసి జనం నొచ్చుకుంటున్నారని థామ్సనే గోలపెట్టాడు (అంతటివాడూ!). తర్వాత అదే చేతికి తన ముఖాన్ని 2005లో పోయేదాకా వదిలేశాడు. మన పాత్రికేయులకు సన్మానాలు చేసే పెద్దలకు ఒక్క మనవి: ఈసారి శాలువా మానేసి, ఓ కార్టూనిస్టును పిలిచి మొహమాటం లేకుండా గీయమనండి.